వెంట్రుకవాసి లెక్క: రైఫిల్ గురి కుదర్చడంలో ఊత పాత్ర

రైఫిల్ మీద బిగించే చిన్న దుర్భిణిని వాడుకలో స్కోప్ అంటారు. అది ఎంత విలువైనదైనా, దాన్ని ఎంత నేర్పుగా బిగించినా, బిగించిన మరుక్షణం నుంచే బుల్లెట్ తగిలే చోటును అది చూపిస్తుందని అనుకోవడం పొరపాటు. స్కోప్‌లోకి చూసినప్పుడు అడ్డంగానూ నిలువుగానూ కనిపించే సన్నని గీతలు కలిసే బిందువు కాగితం మీద ఒకచోట నిలిస్తే, బుల్లెట్ దానికి జానెడు దూరంలో తగలవచ్చు, ఒక్కొక్కసారి కాగితానికే తగలకుండా పోవచ్చు. ఈ రెండు చోట్లనూ ఒక నిర్ణీత దూరంలో ఒక్కటి చేసే పనిని పోలీసు, సైనిక శిక్షణల్లో జీరోయింగ్ అంటారు. తెలుగులో దానికి గురి కుదర్చడం అన్న మాట చక్కగా అమరుతుంది. స్కోప్ మరను ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో నేర్చుకోవడానికి చూపే శ్రద్ధలో సగమైనా, ఆ సమయంలో తుపాకి దేని మీద ఆని ఉందన్న విషయం మీద చాలామంది చూపరు. నిజానికి గురి కుదర్చడంలో మరకన్నా ముందు నిలిచే సాధనం ఊత. తుపాకి కదలకుండా ఆనగలిగే స్థిరమైన ఊత లేనిచోట మర తిప్పడమంటే, ఊగుతున్న తక్కెడను చూసి తూనికరాళ్లు మార్చడమే.

ఈ విద్య సామాన్య ప్రజల్లో విస్తారంగా కనిపించే దేశాల్లో అమెరికా ముఖ్యమైనది. అక్కడ శరదృతువులో జింకల వేటకు ప్రభుత్వాలు అనుమతించే రోజులు మొదలుకాకముందే, లైసెన్సు పొందిన వేటగాళ్లు తమ రైఫిళ్లను ఫైరింగ్ రేంజీలకు తీసుకువెళ్లి, సాధారణంగా 100 గజాల దూరాన, అంటే సుమారు 91 మీటర్ల దూరాన, కాగితపు లక్ష్యాలు నిలిపి స్కోపులను సరిచూసుకుంటారు. గురి తప్పిన బుల్లెట్ జంతువు ప్రాణం వెంటనే తీయకుండా గాయపరిచి నరకయాతనకు వదిలేస్తుంది కనుక, బాధ్యత తెలిసిన వేటగాడు ఈ పరీక్షను విధిగా భావిస్తాడు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. రైఫిల్ కలిగి ఉండటానికి 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు అవసరం. అందువల్ల ఇక్కడ ఈ విద్య ప్రధానంగా పోలీసు, సైనిక దళాలలోనూ, క్రీడారంగంలోనూ కనిపిస్తుంది. అయితే ఊత వెనుకనున్న సూత్రం తుపాకితో ఆగిపోయేది కాదు. ఏ కొలత సాధనాన్నయినా నమ్మదగినదిగా చేయాలంటే, సాధనంలోని తప్పును దాన్ని పట్టుకున్న చేతి తప్పు నుంచి ముందుగా విడదీయాలన్నదే ఆ సూత్రం.

బుల్లెట్ దారి, చూపు దారి

బుల్లెట్ తిన్నగా పోతుందన్నది వాడుక మాటే గాని భౌతిక సత్యం కాదు. గొట్టం దాటిన క్షణం నుంచే భూమ్యాకర్షణ దాన్ని కిందికి లాగడం మొదలుపెడుతుంది. వేటలో విరివిగా వాడే .308 వించెస్టర్ తూటానే ఉదాహరణగా తీసుకుంటే, దాని బుల్లెట్ సెకనుకు సుమారు 860 మీటర్ల వేగంతో బయలుదేరి, 100 గజాలు దాటడానికి దాదాపు సెకనులో తొమ్మిదోవంతు కాలం తీసుకుంటుంది. రెప్పపాటు కూడా లేని ఆ వ్యవధిలోనే అది గొట్టం చూపిన సరళరేఖ నుంచి సుమారు 6 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. మరోవైపు స్కోప్ గొట్టానికి పైన కూర్చుంటుంది. వేట రైఫిళ్లలో స్కోప్ మధ్యరేఖ గొట్టం మధ్యరేఖకన్నా 4 సెంటీమీటర్ల వరకు ఎత్తున ఉండటం మామూలు. కనుక కంటిచూపు పోయే రేఖ, బుల్లెట్ పోయే దారి 100 గజాల దగ్గర కలవాలంటే, గొట్టం చూపురేఖకన్నా కాస్త పైకి వాలి, ఆ దూరానికి మొత్తం 10 సెంటీమీటర్ల ఎత్తును అందుకునేలా ఉండాలి. బుల్లెట్ ఆ వాలుతో చూపురేఖ కిందినుంచి బయలుదేరి, పైకి వచ్చి దాన్ని తాకి, ఆ తరువాత క్రమంగా కిందికి దిగిపోతుంది.

స్కోప్ మీది మరలు చేసేదల్లా ఈ చిన్న కోణాన్ని కుదర్చడమే. పైనున్న మర బుల్లెట్ తగిలే చోటును పైకీ కిందికీ, పక్కనున్న మర కుడికీ ఎడమకూ జరుపుతాయి. ఇంత సన్నని కోణాలకు డిగ్రీ చాలా పెద్ద కొలత అవుతుంది కాబట్టి, డిగ్రీని అరవై భాగాలు చేసి అందులో ఒక భాగాన్ని కోణ నిమిషం అంటారు. 100 మీటర్ల దూరంలో ఒక కోణ నిమిషం 2.9 సెంటీమీటర్ల వెడల్పుకు సమానం. మర తిప్పుతుంటే వేలికి తెలిసేలా, చెవికి వినిపించేలా టిక్కుమనే ప్రతి మెట్టును క్లిక్కు అంటారు. చాలా వేట స్కోపుల్లో ఒక్కో క్లిక్కు కోణ నిమిషంలో నాలుగోవంతు, అంటే 100 మీటర్ల దగ్గర సుమారు 7 మిల్లీమీటర్లు. మరికొన్ని స్కోపులు మిల్లీరేడియన్ అనే మరో కోణమానాన్ని వాడతాయి. వాటిలో ఒక్కో క్లిక్కు సాధారణంగా 100 మీటర్ల దగ్గర 1 సెంటీమీటరు.

ఒక క్లిక్కు, ఒక వెంట్రుక

ఊత ఎందుకు అవసరమో ఒక చిన్న త్రైరాశికం తేల్చిచెబుతుంది. రైఫిల్ పొడవు సుమారు ఒక మీటరు అనుకుంటే, భుజానికి ఆనిన వెనుక భాగం, అంటే తుపాకి మడమ, కదలకుండా ఉండి గొట్టం కొస ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, 100 మీటర్ల దగ్గర గురి 10 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అదే లెక్కన 7 మిల్లీమీటర్ల మేర గురి తప్పడానికి గొట్టం కొస మిల్లీమీటరులో వందో వంతులు ఏడు జరిగితే సరిపోతుంది. అది ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం. వెంట్రుకవాసి అన్న మాటను తెలుగులో అతి స్వల్పమైన తేడాను చెప్పడానికి అలంకారంగా వాడతారు. స్కోప్ మరలో ఒక క్లిక్కు విషయంలో మాత్రం అది అక్షరాలా కొలత.

ఇక మనిషి శరీరం సంగతి చూస్తే, అది నిశ్చలంగా ఉండేలా నిర్మితమైనది కాదు. ఊపిరి తీసి వదిలినప్పుడల్లా ఛాతీ లేచి దిగుతుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ అదురు భుజం దాకా పాకుతుంది, బరువు మోస్తున్న కండరం సన్నగా వణుకుతూనే ఉంటుంది. నాలుగు కిలోల రైఫిల్‌ను నిలబడి ఎత్తిపట్టుకున్న సామాన్యుడి చేతిలో గొట్టం కొస కదలికను వెంట్రుకలతో కాక మిల్లీమీటర్లతో కొలవాలి. వెంట్రుకంత తేడాను సరిచేసే మరను, దానికి ఎన్నో రెట్లు ఊగే చేతిని ఆధారం చేసుకుని తిప్పడంలో అర్థం లేదు.

కాగితం మీద పడిన ప్రతి రంధ్రంలోనూ మూడు రకాల తప్పులు కలిసిపోయి ఉంటాయి. మొదటిది స్కోప్ అమరికలోని తప్పు. అది ప్రతిసారీ ఒకే దిక్కుకు, ఒకే మోతాదులో నెడుతుంది. రెండోది తుపాకికీ తూటాకూ సహజమైన చెదురు; ఎంత మంచి రైఫిల్ అయినా ఒకే రంధ్రంలో నుంచి బుల్లెట్లన్నిటినీ పంపలేదు. మూడోది కాల్చే మనిషి తెచ్చే చెదురు. వీటిలో మర తిప్పి సరిచేయగలిగింది మొదటిదొక్కటే. మిగిలిన రెండూ ఎంత పెద్దవైతే మొదటిది అంతగా వాటి చాటున దాగిపోతుంది. తూటాల నాణ్యతను మార్చడం కాల్చేవాడి చేతిలో అంతగా లేదు. తన వణుకును తగ్గించుకోవడం మాత్రం ఉంది. స్థిరమైన ఊత ఆ మూడో తప్పును దాదాపు తుడిచిపెట్టి, మొదటిదాన్ని కాగితం మీద కంటికి కనిపించేలా చేస్తుంది.

మనిషిని పక్కనపెట్టి చూసినవారు

మనిషిని పక్కనపెట్టి తుపాకి సత్తాను తూచే ప్రయత్నానికి నూట అరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. మరల చుట్లకు దేశమంతటా ఒకే ప్రమాణం ఉండాలని 1841లో ప్రతిపాదించిన ఇంగ్లండు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్, ఆ తరువాతి కాలంలో ఆరు పలకల గొట్టం గల రైఫిల్‌ను రూపొందించాడు. 1860 జూలైలో లండన్ శివారు వింబుల్డన్ మైదానంలో బ్రిటన్ జాతీయ రైఫిల్ సంఘం తొలి పోటీలు జరిగినప్పుడు, తొలి తూటాను విక్టోరియా రాణి కాల్చడానికి ఆయన రైఫిల్‌నే ఎంచుకున్నారు. దాన్ని లోహపు ఊతలో బిగించి, 400 గజాల దూరాన ఉన్న లక్ష్యానికి ముందుగానే సరిచేసి, ట్రిగ్గరుకు పట్టుతాడు కట్టి ఉంచారు. రాణి ఆ తాడును లాగగానే బయలుదేరిన బుల్లెట్ లక్ష్యం నడిబిందువుకు కేవలం అంగుళంన్నర లోపు, 3 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ దూరంలో తగిలింది. కాల్పుల్లో ఆరితేరినవారు కూడా ఆనాటి తుపాకితో, ఒట్టి చేతులతో భరోసాగా సాధించగలిగిన ఫలితం కాదది. గురి పట్టే పని మనిషి నుంచి ఊతకు మారడం వల్లనే తుపాకి అసలు సత్తా ఎంతో ఆ క్షణాన బయటపడింది.

అదే మార్గంలో మరింత లోతుకు వెళ్లినవాడు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన వైద్యుడు ఫ్రాంక్లిన్ మాన్. ఒకే తుపాకి నుంచి ఒకే రకం తూటాలు కాల్చినా బుల్లెట్లు ఒకేచోట ఎందుకు పడవన్న ప్రశ్న ఆయనను ఏళ్ల తరబడి వెంటాడింది. భుజానికి ఆనించి కాల్చినంత కాలం తప్పు తనదో తుపాకిదో తెలియదని గ్రహించి, కాంక్రీటు దిమ్మె మీద కోణాకారపు లోహపు గాడిని అమర్చి, అందులో గొట్టాన్ని ఉంచి కాల్చే ఏర్పాటు చేసుకున్నాడు. బుల్లెట్లను ఉద్దేశపూర్వకంగా చెక్కి, చెడగొట్టి కాల్చి చూసినప్పుడు, ముక్కు చెడిన బుల్లెట్లకన్నా వెనుక అంచు చెడినవి చాలా ఎక్కువగా దారి తప్పుతాయని ఆయనకు స్పష్టమైంది. గొట్టం దాటే క్షణంలో వెనుకనుంచి ఎగదన్నే వాయువు, సమంగా లేని అంచు మీద అసమానంగా పనిచేయడం అందుకు కారణం. ఈ పరిశీలనలను ఆయన 1909లో గ్రంథంగా వెలువరించాడు. దిమ్మె నిశ్చలంగా ఉండబట్టే బుల్లెట్ అంచులోని చిన్న నొక్కు సైతం కాగితం మీద తన ముద్ర వేయగలిగింది. మనిషి భుజం మీద అయితే ఆ ముద్ర వణుకులో కలిసిపోయేది.

నేటి క్రీడారంగంలోనూ ఇదే పద్ధతి కొనసాగుతోంది. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో ఊత నిషిద్ధం, స్కోప్ కూడా నిషిద్ధం. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో క్రీడాకారులు నిలబడి, ఏ ఆధారమూ లేకుండా, అర మిల్లీమీటరు వ్యాసం గల నడిచుక్కను కొట్టాలి. అయినప్పటికీ .22 రైఫిల్ పోటీలకు తూటాలను ఎంచుకునే దశలో ప్రపంచస్థాయి క్రీడాకారులు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఎలీ సంస్థ, జర్మనీలోని షోనెబెక్‌లో లాపువా సంస్థ నడిపే పరీక్షాకేంద్రాల వంటివాటికి తమ రైఫిళ్లను తీసుకువెళ్తారు. అక్కడ రైఫిల్‌ను యంత్రంలో కదలకుండా బిగించి, ఒక్కో విడతలో తయారైన తూటాలను వరుసగా కాల్చి, ఏ విడత ఆ గొట్టానికి బాగా నప్పుతుందో తేలుస్తారు. పోటీలో మనిషికి ఊత ఎంతగా నిషిద్ధమో, పోటీకి ముందు తుపాకికి అది అంతగా అవసరమని ఈ ఆచారం నిరూపిస్తోంది.

ఇసుక సంచుల అమరిక

మంచి ఊతకు ఖరీదైన యంత్రం అక్కరలేదు. కదలని బల్ల, తగిన ఎత్తు కుర్చీ, రెండు ఇసుక సంచులు చాలు. బల్ల ఎంత బరువైనదైతే అంత మంచిది. మోచేయి ఆనించినప్పుడు ఊగే బల్ల మీద ఎంత మంచి సంచి పెట్టినా ప్రయోజనం లేదు. అందుకే చాలా రేంజీల్లో కాంక్రీటు బల్లలను నేలలో పాతి కడతారు. కూర్చున్న వ్యక్తి తుపాకి మీదికి గూనిగా వంగిపోకుండా, మెడ సాగదీయకుండా, రెండు పాదాలూ నేల మీద నిలిపి, చెంపను తుపాకి కర్రకు సహజంగా ఆనించగలిగేలా కుర్చీ, సంచుల ఎత్తు అమరాలి. తుపాకి కర్ర అంటే గొట్టాన్ని, ఇతర లోహభాగాలను మోసే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం.

ముందు సంచి ఈ కర్ర ముందుభాగం కింద ఉండాలి గాని, గొట్టం కింద ఉండకూడదు. తూటా పేలినప్పుడు గొట్టం మోగిన గంటలా కంపిస్తుంది. ఆ కంపనం ప్రతిసారీ ఒకే తీరుగా సాగినంత కాలం బుల్లెట్ ఒకే తీరుగా బయటపడుతుంది. గొట్టానికి ఏదైనా వస్తువు తగిలితే ఆ తీరు మారి, బుల్లెట్ తగిలే చోటు మారిపోతుంది. అలా కుదిర్చిన గురి ఆ ఊత మీద ఉన్నంతసేపే చెల్లుతుంది. కర్రను సైతం గట్టి చెక్క మీదో రాతి మీదో నేరుగా ఉంచరాదు. పేలిన తుపాకి వెనక్కి తన్నే క్షణంలో గట్టి ఉపరితలం మీద నుంచి అది పైకి ఎగిరిపడుతుంది, బుల్లెట్ అనుకున్నదానికన్నా ఎత్తున తగులుతుంది. ఇసుక సంచి ఆ తన్నును ఒకే విధంగా తనలో ఇముడ్చుకుంటుంది. తుపాకికి పటకా తగిలించే కొక్కెం ముందు సంచికి అడ్డుపడకుండా చూసుకోవడం, వీలైతే పటకాను తీసేయడం కూడా అవసరం.

రెండో సంచి మడమకు దగ్గరగా, కర్ర వెనుకభాగం కింద ఉంటుంది. ఊత విద్యలోని సూక్ష్మమంతా ఈ వెనుక సంచిలోనే ఉంది. కుడిచేతి వాటం గల వ్యక్తి ఎడమచేతిని ముందుకు చాచి తుపాకిని పట్టుకోవడానికి బదులు, దాన్ని మడిచి వెనుకకు తెచ్చి, ఆ సంచిని పిడికిట్లోకి తీసుకుంటాడు. పిడికిలి కొద్దిగా బిగిస్తే ఇసుక పైకి పొంగి మడమను ఎత్తుతుంది, దాంతో గొట్టం కొస దిగి గీతల కూడలి కాగితం మీద కిందికి వస్తుంది. పిడికిలి సడలిస్తే మడమ కుంగి కూడలి పైకి పోతుంది. తడి గుడ్డను పిండీ పిండనట్టు పట్టుకున్నంత మృదువుగా ఈ బిగింపును సాగిస్తూ కూడలిని నడిచుక్క మీదికి తెచ్చి, ఊపిరి సగం వదిలి, మళ్లీ పీల్చుకునే ముందు సహజంగా వచ్చే విరామంలో, చూపుడువేలి కొసతో ట్రిగ్గరును వెనక్కి నిదానంగా ఒత్తాలి. పేలుడు ఏ క్షణాన జరుగుతుందో ముందే లెక్కగట్టుకుని ఒక్కసారిగా గుంజితే, ఊత ఎంత గట్టిదైనా ఆ గుంజుడుకు తుపాకి కదులుతుంది.

అమరిక సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు ఉన్నాయి. మొదటిది, గురి నిలిపిన తరువాత కళ్లు మూసుకుని, ఒకటి రెండుసార్లు ఊపిరి తీసి, మళ్లీ కళ్లు తెరవడం. గీతల కూడలి నడిచుక్క మీదే ఉంటే తుపాకిని మోస్తున్నది ఊత అని అర్థం. పక్కకు పోయి ఉంటే దాన్ని కండరాలు బలవంతంగా అక్కడ నిలిపి ఉంచాయని అర్థం. రెండోది, తూటా లేదని రూఢి చేసుకున్న ఖాళీ తుపాకితో ట్రిగ్గరు నొక్కి చూడడం. ట్రిగ్గరు తెగిన క్షణంలో కూడలి ఉలిక్కిపడకుండా నిలిచి ఉన్నప్పుడే అసలు తూటా వేయాలి. ఇసుక సంచులు దొరకనిచోట చుట్టిన దుప్పటి, బట్టలు కుక్కిన వీపుసంచి, బియ్యం నింపి మూతికట్టిన చిన్న మూట కూడా ఇదే పనిచేస్తాయి. కావలసిందల్లా మెత్తదనం, బరువు, ప్రతిసారీ ఒకేలా ఉండే నిలకడ.

ఒక్క రంధ్రాన్ని నమ్మరాదు

ఊత కుదిరాక కూడా తొందరపాటు పనికిరాదు. ముందుగా స్కోప్‌ను పట్టి ఉంచే బిగింపు మరలన్నీ గట్టిగా ఉన్నాయని చూసుకోవాలి. నిలువు గీత నిజంగా నిలువుగా ఉందో లేదో, దూరాన బరువు కట్టి వేలాడదీసిన దారంతో పోల్చి తేల్చుకోవాలి. ఆ తరువాత, రైఫిల్ నిర్మాణం అనుమతిస్తే, వెనుకనుండే బోల్ట్ అనే మూత భాగాన్ని తీసి, ఖాళీ గొట్టంలో నుంచి చూస్తూ లక్ష్యం నడిచుక్క గొట్టం మధ్యలో కనిపించేలా తుపాకిని సంచుల మీద నిలిపి, దాన్ని కదపకుండా స్కోప్ గీతలను కూడా అదే చుక్క మీదికి తేవాలి. ఈ పని చేసేటప్పుడు ఊత విలువ ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఒకే తుపాకి ఒకే సమయంలో రెండు దారుల్లో ఒకే చుక్కను చూడాలి; చేతుల్లో పట్టుకుని దీన్ని సాధించడం అసాధ్యం. ఇలా చేశాక మొదటి తూటాలను 25 గజాల వంటి దగ్గరి దూరంలో కాల్చి, అవి కాగితం మీద పడుతున్నాయని తెలిశాక 100 గజాలకు వెళ్లడం తూటాలనూ కాలాన్నీ ఆదా చేస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, ఒక్క తూటా కాల్చి, అది పడిన చోటును చూసి వెంటనే మర తిప్పడం. ఆ ఒక్క రంధ్రం తుపాకి చెదురులో ఏ అంచున పడిందో ఎవరూ చెప్పలేరు. అమెరికా గణాంకవేత్త డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ ఈ పొరపాటును గరాటు, గోళీలతో ప్రదర్శించి చూపేవాడు. గరాటులో నుంచి గోళీని కిందనున్న గుర్తు మీదికి జారవిడుస్తూ, అది తప్పిన ప్రతిసారీ గరాటును ఎదురు దిక్కుకు అంతే దూరం జరిపితే, గోళీలు గుర్తుకు దగ్గరపడవు సరికదా, గరాటును ముట్టుకోకుండా వదిలేసినప్పటికన్నా సుమారు 1.4 రెట్లు ఎక్కువగా చెదురుతాయి. ప్రతి తూటాకూ మర తిప్పేవాడు సరిగ్గా ఇదే పని చేస్తున్నాడు.

అందువల్ల మూడు నుంచి ఐదు తూటాలు మర ముట్టకుండా, ఒకే చుక్కను గురిచూసి కాల్చి, ఆ రంధ్రాల గుంపుకు నడిబిందువు ఎక్కడో గుర్తించి, దాన్ని బట్టి మర తిప్పాలి. ఎన్‌సీసీ శిక్షణలో .22 రైఫిల్‌తో పడుకుని కాల్చిన క్యాడెట్లకు గ్రూపింగ్ అన్న మాట పరిచితమే. తూటాలు ఎక్కడ పడ్డాయన్నదానికన్నా ఒకచోట పడ్డాయా అన్నది ముందు చూడాలని ఆ మాట నేర్పుతుంది. గణాంకశాస్త్రం ప్రకారం నాలుగు తూటాల సగటు బిందువులోని అనిశ్చితి ఒక్క తూటాతో పోలిస్తే సగానికి తగ్గుతుంది. ఉదాహరణకు 100 మీటర్ల దగ్గర గుంపు నడిబిందువు 7 సెంటీమీటర్లు కుడికీ, 3.5 సెంటీమీటర్లు కిందికీ ఉందనుకుంటే, ఒక్కో క్లిక్కు 7 మిల్లీమీటర్లు గనుక, పక్క మరను ఎడమకు 10 క్లిక్కులు, పై మరను పైకి 5 క్లిక్కులు తిప్పి, మళ్లీ ఒక గుంపు కాల్చి సరిచూడాలి. గుంపుకూ గుంపుకూ మధ్య గొట్టం చల్లారే దాకా ఆగాలి. వేడెక్కిన గొట్టం గురిని పక్కకు లాగవచ్చు. గాలిని కూడా గమనించాలి. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా వీచే గాలి పైన చెప్పిన .308 బుల్లెట్‌ను 100 గజాల్లోనే 2 సెంటీమీటర్లకు పైగా నెట్టగలదు.

ఊత ఉన్నప్పుడే సాధ్యమయ్యే మరో పరీక్ష స్కోప్ నిజాయితీని తేలుస్తుంది. ఒకే చుక్కను గురిచూస్తూ ముందు ఒక తూటా కాల్చి, ఆపై మరలను 20 క్లిక్కులు పైకి, తరువాత 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకు తిప్పుతూ ప్రతి మలుపులోనూ కాల్చితే, రంధ్రాలు కాగితం మీద చతురస్రంగా ఏర్పడి, చివరిది మొదటిదాని దగ్గరికే తిరిగి రావాలి. అలా రాకపోతే స్కోప్ లోపలి మర సరిగా పనిచేయడం లేదన్నమాట. చేతి వణుకుతో చెదిరిన రంధ్రాల్లో ఈ చతురస్రం ఎన్నటికీ కనిపించదు.

ఊతకూ పరిమితులున్నాయి

స్థిరమైన ఊత అన్ని తప్పులనూ కాయదు. స్కోప్‌లో కన్ను మధ్యనుంచి కాక పక్కనుంచి చూస్తే, తుపాకి కదలకపోయినా గీతల కూడలి లక్ష్యం మీద జరిగినట్టు కనిపించవచ్చు. దీన్ని పారలాక్స్ అంటారు. రైలు కిటికీలో నుంచి చూసే ప్రయాణికుడు తల జరిపినప్పుడు దగ్గరి స్తంభం దూరపు కొండ మీద జరిగినట్టు కనిపించడం వంటిదే ఇది. చెంప ప్రతిసారీ కర్ర మీద ఒకే చోట ఆనడమే దీనికి విరుగుడు. కన్నును స్కోప్‌కు మరీ దగ్గరగా తెస్తే, తుపాకి వెనక్కి తన్నినప్పుడు దాని అంచు కనుబొమను చీలుస్తుంది. వేట స్కోపులకు సాధారణంగా 9 సెంటీమీటర్ల మేర ఎడం అవసరం. తన్నును పూర్తిగా అణచాలని తుపాకిని బరువైన చట్రంలో బంధించి కాల్చడం కూడా మంచిది కాదు. భుజం వెనక్కి ఒదిగి భరించే దెబ్బను అప్పుడు కర్ర, స్కోప్ బిగింపులు భరించవలసి వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది భద్రత. ఊత మీద ఉన్న తుపాకి నిశ్చలంగా, నిరపాయంగా కనిపిస్తుంది గాని, దానిలోని తూటా శక్తి ఏమాత్రం తగ్గదు. .308 వంటి తూటా నుంచి వెలువడిన బుల్లెట్ అడ్డు లేకపోతే మూడు కిలోమీటర్లకు మించి పోగలదు. అందువల్ల చట్టం అనుమతించిన రేంజీలో, వెనుక మట్టికట్ట ఉన్న లక్ష్యం మీదనే కాల్చాలి. చెవులకూ కళ్లకూ రక్షణ ధరించాలి. ఎవరైనా లక్ష్యాల దగ్గరికి నడిచి వెళ్తున్నంతసేపు బోల్ట్ తెరిచి, తుపాకిని ఖాళీచేసి, ఎవరూ ముట్టుకోకుండా ఉంచాలి.

ఊత నుంచి భుజానికి

గురి కుదిరాక ఊత పని ముగుస్తుంది, మనిషి పని మొదలవుతుంది. అడవిలో వేటగాడికి కాంక్రీటు బల్ల దొరకదు, పోటీలో క్రీడాకారుడికి ఇసుక సంచి అనుమతించరు. కాబట్టి ఊత మీద కుదిర్చిన రైఫిల్‌ను, అసలు అవసరంలో వాడే భంగిమలోనే, అంటే కూర్చునో, మోకాలు వంచో, పడుకునో, నిలబడో, మళ్లీ కాల్చి చూసుకోవడం అవసరం. అప్పుడు రంధ్రాలు తప్పకుండా ఇంకా విస్తారంగా చెదురుతాయి. ఆ చెదురును చూసి మర ముట్టుకోకపోవడంలోనే నిగ్రహం ఉంది. నడిబిందువు ఊత మీద వచ్చినచోటే ఉండి రంధ్రాలు మాత్రం విడివిడిగా పడితే, తుపాకిలో సరిదిద్దవలసింది ఏమీ లేదు. నడిబిందువే ఒక పక్కకు ఒరిగితే, ఆ భంగిమలో తుపాకిని పట్టే తీరులో ఏదో మార్పు ఉందని గ్రహించి దాన్ని వెతకాలి. ఊత మీది గుంపు, భుజం మీది గుంపు, ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వాటి మధ్యనున్న తేడాయే ఆ మనిషి ఇంకా చేయవలసిన సాధన.

తెలుగులో గురి అన్న మాటకు లక్ష్యం అన్న అర్థంతో పాటు నమ్మకం అన్న అర్థం కూడా ఉంది. వైద్యుడి మీద గురి కుదిరితేగాని మందు పనిచేయదని పెద్దలు అంటారు. సాధనం మీద సందేహం ఉన్నంత కాలం మనిషి తన ప్రతి వైఫల్యాన్నీ దాని మీదికి నెట్టగలడు, తాను నేర్చుకోవలసినదాన్ని వాయిదా వేస్తూ పోగలడు. ఇసుక సంచుల మీద ఓపికగా ఒక పూట గడిపి, వెంట్రుకవాసి తేడాను సైతం కాగితం మీద చూసి సరిచేసుకున్నవాడికి ఆ వెసులుబాటు ఉండదు. తుపాకి మీద అతనికి గురి కుదిరింది కనుక, ఆ తరువాత పడే ప్రతి తప్పు రంధ్రమూ అతని చేతిని గురించే చెబుతుంది, అతడు ఆ మాట వినగలుగుతాడు.